పళ్ళకి క్లిప్పులు వేశాక చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, బ్రష్ చేయడం తగ్గించాలా?

వద్దండి, అస్సలు తగ్గించొద్దు. బ్రష్ పెట్టగానే రక్తం కనపడుతోందని మీ పాప భయపడి పైపైన తోముకుంటోందని రాశారు కదా, అలా తోమితే చిగుళ్ళు ఇంకా పాడవుతాయి. ఆ రక్తం చాలావరకు బ్రాకెట్టుకీ (పంటికి అతికించే చిన్న బిళ్ళ) చిగురుకీ మధ్య పాచి పేరుకుని చిగురు వాచడం వల్ల వచ్చేదే. నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లిప్పులు వేశారు, నాకూ ఇదే జరిగింది. మెత్తటి బ్రష్‌తో సరిగ్గా ఆ సందులోనే ఓపిగ్గా తోముతూ వస్తే కొద్ది రోజుల్లో తగ్గిపోయింది. రెండు వారాలైనా తగ్గకపోతే మాత్రం వెళ్ళి చూపించండి.

బ్రష్‌ని ముందు చిగురు వైపు ఏటవాలుగా పెట్టి బ్రాకెట్టు పై అంచు, తర్వాత కింది వైపు నుంచి కింది అంచు, ఇలా ఒక్కో పన్ను దగ్గరా ఆగి తోమాలి. అడ్డంగా బరాబరా రుద్దితే బ్రాకెట్టు మీద మెరుపు వస్తుంది, పాచి చుట్టూ అలాగే ఉండిపోతుంది. తర్వాత ఇంటర్‌డెంటల్ బ్రష్, సీసాలు కడిగే బ్రష్షుకి బుల్లి రూపంలా ఉంటుంది, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని బ్రాకెట్లని కలిపే వైరు కిందుగా పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి దూర్చి ఆడించండి. శుభ్రంగా తోమాననుకున్నాక కూడా దానికి గోంగూర పీచో కొబ్బరి తురుమో అంటుకుని వస్తుంది, ఒకసారి పాపకే చూపించండి, ఇక మీరు చెప్పక్కర్లేదు.

రాత్రి పడుకునే ముందు తోమడం మాత్రం ఎంత నిద్ర వచ్చినా మానకూడదు, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాచి పని సులువవుతుంది. నన్నడిగితే అసలు భయపడాల్సింది రక్తానికి కాదు, తెల్ల మచ్చలకి. పాచిలోని ఆమ్లం వల్ల బ్రాకెట్టు చుట్టూ పంటి పైపొర ఎనామిల్‌లోంచి ఖనిజాలు పోయి సున్నం రంగు మచ్చ పడుతుంది, క్లిప్పులు తీశాక పన్ను వరసగా ఉన్నా మధ్యలో చదరం, చుట్టూ తెల్ల గీత కనిపిస్తుంది. అది పూర్తిగా పోవడం కష్టం. అందుకే పేస్టులో ఫ్లోరైడ్ ఉందో లేదో అట్ట మీద చూసి కొనండి, మూలికల పేస్టుల్లో చాలా వాటిలో ఉండదు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎంకి (అంటే పది లక్షల భాగాల్లో వెయ్యికి) మించకూడదని నియమం, ఆ దగ్గర్లో ఉన్నది తీసుకోండి. తోమాక ఉమ్మేయాలి, నీళ్ళతో పదేపదే పుక్కిలిస్తే ఫ్లోరైడంతా కొట్టుకుపోతుంది. మాది నల్గొండ వైపు, బోరు నీళ్ళతో పెరిగిన వాళ్ళ పళ్ళ మీద ఫ్లోరోసిస్ మచ్చలు (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పడేవి) ముందు నుంచే ఉంటాయి, మీదీ అలాంటి ఊరైతే డాక్టరుకి చెప్పండి, ఏది పాతది ఏది కొత్తదో తెలుస్తుంది.

తిండి సంగతి మీకు చెప్పే ఉంటారు. జీళ్ళు, పల్లీ చిక్కీ, చెరకు వద్దు, జామకాయ ముక్కలు కోసి పెట్టండి. పసుపు వల్ల బ్రాకెట్లకి వేసే తెల్ల రబ్బర్లు పచ్చబడితే కంగారు పడకండి, అవి మార్చేవే.

ఈసారి వైరు మార్చడానికి వెళ్ళినప్పుడు బ్రష్షు వెంట తీసుకెళ్ళండి. పాత వైరు తీసి కొత్తది పెట్టేలోపు పాపని ఒకసారి తోముకోనివ్వమని అడగండి, అడ్డం లేనప్పుడు ఆ సందులన్నీ బాగా అందుతాయి.