గ్రేడు తగ్గితే డబ్బు తిరిగి అడగవచ్చా?

ప్రశ్న: 1966 నాటి అమెరికన్ కామిక్ ఒకటి ‘వెరీ ఫైన్, 8.0’ అని చెప్పి ఒక వ్యాపారి నాకు అమ్మారు. కామిక్స్ స్థితిని పరీక్షించి పదికి ఇంత అని గ్రేడు ఇచ్చే సంస్థ సీజీసీకి పంపితే 6.0 గ్రేడుతో, ఊదా రంగు లేబుల్‌తో వచ్చింది. గ్రేడింగ్ అంటే ఎవరి అభిప్రాయం వారిదని ఆయన వాదిస్తున్నారు. నేను ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అంకె గురించి వాదించకండి, లేబుల్ రంగు గురించి అడగండి. పుస్తకం వెన్ను మీది ముడతలను ఒకరు తేలిగ్గా తీసుకుంటారు, మరొకరు తీసుకోరు. అక్కడ ఆయన మాట కొంత చెల్లుతుంది. ఊదా లేబుల్ సంగతి వేరు. పుస్తకానికి మరమ్మతు జరిగిందని దాని అర్థం. అది అభిప్రాయం కాదు, దాచిన నిజం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఏ మరమ్మతో లేబుల్ మీదే ఉంటుంది, చదవండి. తరచుగా కనిపించేది రంగు దిద్దడం. వెన్ను వెంట తెల్లబడిన గీతలను స్కెచ్ పెన్నుతో పూడుస్తారు. అట్ట లోపలి వైపు చూడండి, సిరా ఇంకిన చుక్కలు తెలిసిపోతాయి. అంచులు కత్తిరించడం ఇంకా ఘోరం. ప్రెస్సింగ్ (ముడతలు పోయేలా పుస్తకాన్ని నొక్కి చదును చేయడం) చేశారని మాత్రం ఫిర్యాదు చేయకండి, సీజీసీ దాన్ని మరమ్మతుగా లెక్కించదు.

అమ్మకపు ప్రకటన, రసీదు, లేబుల్ ఫోటోలు జతచేసి, మరమ్మతు సంగతి ముందే ఎందుకు చెప్పలేదని రాతపూర్వకంగా అడగండి. ధరలో తగ్గింపు ఇస్తానంటే ఒప్పుకోకండి, మొత్తం డబ్బు అడగండి. అంతవరకు సీజీసీ పుస్తకాన్ని మూసి పంపిన ప్లాస్టిక్ పెట్టె తెరవవద్దు. తెరిస్తే ఆ గ్రేడు చెల్లదు.