అమ్మమ్మ ముఖానికి ఏ లెన్సు?

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. మా అమ్మమ్మది పొందూరు. చిన్నప్పటి నుంచి నూలు వడుకుతున్న ఆమెను, ఆ పనిలో ఉండగానే ఫోటోలు తీసి దాచుకోవాలని నా కోరిక. నా దగ్గర కెనాన్ 1500డి కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై ముఖం మారిపోతోంది. గదిలో వెలుతురు చాలక ఫోటో నిండా చుక్కలు వస్తున్నాయి. ముఖాలకు 85 మి.మీ. లెన్సే కొనాలని స్నేహితులు అంటున్నారు. 50 మి.మీ. సరిపోదా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీ ఇబ్బందులు రెండింటికీ కారణాలు వేరు. లెన్సును 18 మి.మీ. దగ్గర, అంటే ఎక్కువ వెడల్పు కనిపించేలా, ఉంచి ముఖమూ భుజాలూ ఫ్రేము నిండా రావాలంటే, మీరు ఆమెకు రెండడుగుల లోపుకు వెళ్లక తప్పదు. అంత దగ్గరలో చెవులకంటే ముక్కు కెమెరాకు బాగా చేరువవుతుంది కనుక అది ఉబ్బినట్టు, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. ఇది దూరం వల్ల వచ్చే వికారమే గాని లెన్సులోని లోపం కాదు. అదే లెన్సును 50 దగ్గరికి తిప్పి, అయిదడుగుల దూరం నుంచి తీసి చూడండి. మీ అమ్మమ్మ ముఖం మీరు రోజూ చూసే ముఖంలాగానే వస్తుంది. కొనేముందు ఒక పూట ఈ పని తప్పక చేయండి.

85 మి.మీ. మాట ఫిల్ము కెమెరాల కాలం నుంచి వస్తున్నది, ఆ కొలతకు అది నిజమే. అయితే మీ కెమెరాలో వెలుగును పట్టే సెన్సారు ఆ ఫిల్ము కంటే చిన్నది కాబట్టి, చూపు వైశాల్యంలో 50 మి.మీ. లెన్సు 80లాగా, 85 మి.మీ. లెన్సు 136లాగా పనిచేస్తాయి. 85తో భుజాల వరకు తీయడానికి దాదాపు తొమ్మిది అడుగులు, నిలువెత్తు మనిషికి ఇరవై రెండు అడుగులకు పైగా వెనక్కి జరగాలి. పది, పన్నెండు అడుగుల గదిలో, రాట్నం కూడా ఉన్నచోట, మీ వీపు గోడకు తగులుతుంది. అందుచేత మీకు 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సే తగినదని నా గట్టి అభిప్రాయం (ఎఫ్ అంకె లెన్సు ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది; అంకె తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటుంది). అది ధరలోనూ తక్కువ.

వెలుతురు సంగతికి వస్తే, మీ పాత లెన్సు 55 దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 1.8 దానికి దాదాపు పదింతల వెలుగును లోపలికి రానిస్తుంది. కాని ఒక జాగ్రత్త అవసరం. అయిదడుగుల దూరంలో ఎఫ్ 1.8 వద్ద స్పష్టంగా ఉండేది ఆరేడు సెంటీమీటర్ల లోతు మాత్రమే. మూడడుగులకు దగ్గరైతే అది మూడు సెంటీమీటర్లకు మించదు. కంటి మీద ఫోకస్ చేస్తే ముక్కు కొసే మసకబారుతుంది. కనుక ముఖానికి ఎఫ్ 2.8 పెట్టి, మీకు దగ్గరగా ఉన్న కంటి మీదే ఫోకస్ పాయింటు ఉంచండి. పొందూరులో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను వాడతారు కదా. ఆ సన్నని పళ్లూ, వాటిని పట్టుకున్న ముడతల వేళ్లూ ముఖంతో పాటు స్పష్టంగా రావాలంటే ఎఫ్ 4 లేదా 5.6 వరకు వెళ్లాలి. అప్పుడు లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది కనుక ఆమెను గుమ్మం పక్కకు, వెలుగు ఒక చెంప మీద వాలేలా కూర్చోమనండి. ఫ్లాష్ వద్దు, ముడతల లోతంతా అది చదును చేసేస్తుంది.

మీ పాత లెన్సులో చేతి వణుకును అదుపు చేసే ఏర్పాటు ఉంటుంది; కెనాన్ 50 ఎఫ్ 1.8లో అది లేదు. షట్టర్ వేగం సెకనులో 125వ వంతు కంటే నెమ్మది కానివ్వకండి. రాట్నం తిప్పే చేయి కదలకుండా రావాలంటే 250వ వంతు మేలు.

వాడిన లెన్సు కొనాలనుకుంటే, సెల్‌ఫోన్ టార్చి వెనకనుంచి వేసి అద్దాల లోపల సాలెగూడులాంటి పోగులున్నాయేమో చూడండి. అది ఫంగస్. మన సముద్రతీరపు తేమలో అది త్వరగా పెరుగుతుంది. కొత్తదైనా సరే, తోలు సంచిలో ఉంచక, మూత బిగుసుకునే డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాచండి.