పద్నాలుగో రోజు అందరిదీ కాదమ్మీ

అమ్మీ,

నీ మెసేజ్ చూశాను. పెళ్లయి ఏడాదన్నా కాకముందే "ఏమన్నా విశేషమా?" అని ప్రొద్దుటూరులో మీ అత్తగారి తరఫు వాళ్లు అడుగుతుంటే టెన్షన్ రాక ఏమవుతుంది! కాన్పుల వార్డులో నర్సుగా తల పండినదాన్ని, విను.

గర్భం నిలవాలంటే ముట్టు మొదలైనప్పటి నుంచి పద్నాలుగో రోజునే కలవాలని పట్టుకుని కూర్చున్నావే, అది 28 రోజులకు ముట్టయ్యేవాళ్ల లెక్క. నీకేమో 32 రోజులకు వస్తుంది. అండం విడుదలయ్యేది తర్వాతి ముట్టుకు సుమారు 14 రోజుల ముందు. అంటే నీకు 18వ రోజు, అటూ ఇటుగా.

బయటికొచ్చిన అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. అందుకే అవే ముందు పోయి కాచుకుని ఉండాలి. 13 నుంచి 18 దాకా రోజు విడిచి రోజు కలిస్తే చాలు. అప్పుడు తెల్లబట్ట తీరు కూడా మారుతుంది. పచ్చి గుడ్డు తెల్లసొనలా జారుగా, రెండు వేళ్ల మధ్య తీస్తే తెగకుండా సాగుతుంది. రోగమేమో అని భయపడొద్దు, కణాలు పైకి ఈదేది దాంట్లోనే. క్యాలెండరు కన్నా నేను దీన్నే నమ్ముతా.

అండం, కణం కలిసేది గర్భసంచిలో అని మీ అమ్మ కూడా అనుకుంటుంది. కాదు, అండాశయం నుంచి గర్భసంచికి దారి అయిన ఫాలోపియన్ ట్యూబులో, అండాశయం వైపు వెడల్పుగా ఉండే భాగంలో. కోట్లలో బయల్దేరితే అక్కడి దాకా చేరేవి వందల్లోనే. ఒకటి దూరగానే అండం పైపొర గట్టిపడి మిగతావాటిని రానివ్వదు. ఆ పిండం చీలుతూ చీలుతూ దిగొచ్చి గర్భసంచి గోడకు అంటుకునేసరికి దాదాపు వారం. కలిసిన మూడో రోజుకే గర్భం చూసుకునే కిట్ కొనుక్కొచ్చి ఏడవడమెందుకు? నెల తప్పాక చూసుకో. ఆడో మగో తేల్చేది కూడా మగవాడి కణమే, ఎత్తిపొడిచినవాళ్లకు ఆ ముక్క చెప్పు.

ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజుకు 400 మైక్రోగ్రాములది, ఇప్పటి నుంచే వేసుకో. దేవుని కడప వెంకన్నకు మొక్కుకో, పెద్ద దర్గాకూ పో, కాదనను. నీ వయసుకు ఏడాది చూడొచ్చు, 35 దాటినవాళ్లయితే ఆరు నెలలకే డాక్టరు దగ్గరికి పోవాలి. అప్పటికీ నిలవకపోతే ఇద్దరూ ఇక్కడి రిమ్స్ ఆసుపత్రికి రండి. నిన్నొక్కదాన్నే స్కానింగులకు తిప్పితే నేనొప్పుకోను. అల్లుడికి వీర్య పరీక్ష మొదటే చేయించాలి, సూది కూడా గుచ్చరు. మొహమాటపడితే ఆదివారం ఇటు పంపించు, నేను మాట్లాడతా.

మీ పెద్దమ్మ,
కడప