పుల్లలతో నీళ్ళు కాచే కెటిల్ నాలుగు రోజుల నడకకు పనికొస్తుందా?

ఐర్లండ్ పశ్చిమాన మేయో కౌంటీలో మీరు, మీ ఇద్దరు మిత్రులు కలిసి నాలుగు రోజులు వీపున సామానుతో నడవబోతున్నారనీ, విమానంలో గ్యాస్ డబ్బా తేవడానికి వీల్లేదు కాబట్టి దానికి బదులు పుల్లలతో నీళ్ళు మరిగించే కెల్లీ కెటిల్ కొంటే బరువు తగ్గుతుందా అనీ మీరు అడిగారు. ఉద్యోగరీత్యా ఆరేళ్ళుగా గాల్వేలో ఉంటూ, ఈ కెటిల్‌ను మోసి, మరిగించి, ఒకసారి చేయి కాల్చుకొని, ఒకసారి వేడి తిండి లేకుండా పడుకున్న అనుభవంతో జవాబిస్తున్నాను. బరువు తగ్గించుకోవడానికైతే దీన్ని కొనవద్దు. గాలీ వానా ఉన్నచోట ఆధారపడదగ్గ పొయ్యి కావాలనుకుంటే కొనవచ్చు, అదీ మీరు నడిచే దారిలో చెట్లు ఉన్నప్పుడే.

ఈ వస్తువు ఎలా పనిచేస్తుందో మనవాళ్ళకు ఎక్కువ వివరించనక్కర్లేదు. స్నానాల నీళ్ళకు మా అమ్మమ్మగారి ఇంట్లో, కోనసీమలో, పెరటి అరుగు మీద ఒక రాగి బాయిలరు ఉండేది. దాని మధ్యలో గొట్టం, గొట్టం చుట్టూ నీళ్ళు, కింద బూడిద రాలే జల్లెడ, పైనుంచి ఒక్కొక్కటిగా జారవిడిచే కొబ్బరి డొక్కలు. కెల్లీ కెటిల్ అచ్చంగా ఆ బాయిలరే, కాకపోతే చంకన పట్టేంత చిన్నది. కింద గిన్నెలాంటి నిప్పుమూకుడు, దాని మీద కూర్చొనే రెండు గోడల పాత్ర, ఆ గోడల మధ్య నీళ్ళు, నడుమ పైకి సన్నబడే పొగగొట్టం. మామూలు గిన్నె కింద మంట పెడితే వేడిలో చాలా భాగం పక్కల నుంచి గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ మంట నీళ్ళ మధ్యలోంచి పైకి పోతుంది కాబట్టి గొట్టం గోడ పొడవునా వేడి నీళ్ళకు అందుతుంది. గొట్టంలోని వేడిగాలి పైకి లేచేకొద్దీ మూకుడు రంధ్రంలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది, అంటే ఊదుగొట్టం పని అదే చేసుకుంటుంది. గాలి ఎటునుంచి వీస్తుందో చూసి రంధ్రాన్ని అటు తిప్పితే చాలు. గ్యాస్ పొయ్యికి శత్రువైన గాలి దీనికి మిత్రుడు.

బరువు సంగతి అర్థం కావాలంటే ఇది పుట్టిన చోటు చూడాలి. కెల్లీ కుటుంబం దీన్ని పందొమ్మిదో శతాబ్దం చివర్లో మేయోలోని లాక్ కాన్ సరస్సు దగ్గర, చేపల వేటకు వచ్చేవారు ఒడ్డున టీ కాచుకోవడానికి తయారుచేయడం మొదలుపెట్టింది. న్యూజిలాండ్‌లో జాన్ ఆష్లే హార్ట్ 1929లో తెచ్చిన థర్మెట్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఆ దేశపు సైనికులు దాన్ని వాడినప్పుడు దానికి బెంఘాజీ బాయిలర్ అనే పేరు వచ్చింది. గమనించండి, ఒకటి పడవలో ప్రయాణించింది, మరొకటి సైనిక వాహనాల్లో. మనిషి వీపు మీద ప్రయాణించాలని ఆ రోజుల్లో ఎవరూ దాన్ని తయారుచేయలేదు. నడకవారి కోసం తరువాత వచ్చిన 0.6 లీటర్ల చిన్న కెటిల్, ట్రెక్కర్ అనే పేరుతో అమ్మేది, అల్యూమినియంలో సుమారు అర కిలో, స్టీలులో సుమారు 700 గ్రాములు తూగుతుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన బ్యాక్‌కంట్రీ బాయిలర్ పావు కిలోకు లోపే ఉండేది కానీ అందులో పట్టేది అర లీటరు కన్నా తక్కువ నీళ్ళే.

ఇప్పుడు మీ ముగ్గురి లెక్క వేద్దాం. ఉదయం, సాయంత్రం టీకీ తిండికీ కలిపి రోజుకు 4 లీటర్లు, నాలుగు రోజులకు 16 లీటర్లు. గాలికి తడక అడ్డుపెట్టి జాగ్రత్తగా వాడితే గ్యాస్ లీటరుకు 12 నుంచి 15 గ్రాములు ఖర్చవుతుంది కాబట్టి 230 గ్రాముల గ్యాస్ పట్టే మధ్యరకం డబ్బా ఒకటి ఇంచుమించు సరిపోతుంది. ఖాళీ డబ్బా బరువు కలిపితే 380 గ్రాములు, చిన్న బర్నరు 80, పల్చని గిన్నె 150, వెరసి సుమారు 600 గ్రాములు. కెటిల్ పక్షాన అర కిలో లోహం, మసి అంటకుండా దానికొక సంచి, వాన రోజు కోసం వెంట ఉంచుకోవలసిన గుప్పెడు ఎండు పుల్లలు, రాజేసే సరంజామా కలిపితే అదీ 600 దాటుతుంది. పైగా 0.6 లీటర్ల కెటిల్‌తో మీ ముగ్గురికి పూటకు మూడు నాలుగు సార్లు కాచాలి. పది పన్నెండు రోజులు ఊరు తగలని నడకైతే రెండో గ్యాస్ డబ్బా, మూడో డబ్బా చేరి త్రాసు కెటిల్ వైపు మొగ్గుతుంది, నాలుగు రోజులకు మొగ్గదు.

ఇక పుల్లలు ఎన్ని కావాలన్నది. పది డిగ్రీల వాగునీళ్ళు 0.6 లీటర్లు మరగడానికి సుమారు 226 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఎండిన కట్టె కిలోకు 15 మెగాజౌళ్ళు ఇస్తుందనుకుంటే, వేడి ఏమాత్రం వృథా కాకపోతే 15 గ్రాముల పుల్లలు చాలు. సగానికి పైగా పొగగొట్టంలోంచి పోతుంది కాబట్టి నిజంగా 40, 50 గ్రాములు పడతాయి, అంటే పెన్సిలు లావు చితుకులు రెండు గుప్పిళ్ళు. పుల్లలు ఎండినవైతే అయిదు నిమిషాల లోపే కెటిల్ ముక్కులోంచి నీళ్ళు చిమ్ముతాయి. తడి పుల్లలైతే అందులోని నీళ్ళు ఆవిరి కావడానికే కొంత వేడి పోయి, పొగ మాత్రం మిగులుతుంది. గొట్టంలో ఒకేసారి దట్టంగా కుక్కడం కొత్తవారు చేసే పొరపాటు. గాలి ఆడక మంట చస్తుంది. వంటింట్లో మన పెద్దవాళ్ళు పొయ్యిలో కట్టెను ఎగదోసినట్టే, ఇక్కడ పైనుంచి నాలుగేసి పుల్లలు జారవిడుస్తూ ఉండాలి.

వాన ఆగని ఈ దేశంలో ఎండు పుల్లలు ఎక్కడ దొరుకుతాయని మీరు అడగవచ్చు. నేను కూడా మొదట నేల మీద ఏరాను. నేల మీద పడి ఉన్నదేదీ ఇక్కడ ఎండదు. ఆ తరువాత ఒక స్థానిక మిత్రుడు చూపించిన చోటు, ప్రభుత్వం పెంచే సిట్కా స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల తోటల లోపలి వరుసలు. ఆ చెట్లు దగ్గరదగ్గరగా పెరగడం వల్ల కింది కొమ్మలు వెలుతురు అందక చెట్టుకే చచ్చి ఎండిపోతాయి, పైన గొడుగులా ఆకులు ఉంటాయి కాబట్టి వాన నేరుగా తాకదు. వంచితే టప్పున విరిగితే మండుతుంది, వంగి ఊరుకుంటే వదిలేయండి. గోర్స్ అనే పసుపు పూల ముళ్ళపొద ఎండుకొమ్మల్లో నూనె ఉంటుంది, అవి భగ్గున అంటుకుంటాయి, చేతులు మాత్రం గీసుకుపోతాయి. రాజేయడానికి నేను వాడేది హారతి కర్పూరం. తడి చేతుల్లోనూ అంటుకుంటుంది, గాలికి త్వరగా ఆరదు, రెండు బిళ్ళలు చాలు. అయితే కర్పూరం మండే పదార్థాల జాబితాలో ఉన్నందున విమానం సామానులో పెట్టకండి. లైటరుతో పాటు దాన్ని కూడా ఇక్కడికి వచ్చాక భారతీయ కిరాణా కొట్టులో కొనుక్కోండి.

జాగ్రత్తలు చాలానే చెబుతారు కానీ ప్రాణాంతకమైనది ఒక్కటే: నీళ్ళు కాగుతున్నప్పుడు బిరడా బిగించి ఉండకూడదు. ఆవిరికి దారి లేకపోతే బిరడా బులెట్‌లా ఎగిరి మరిగే నీళ్ళు ముఖాన పడతాయి. నీళ్ళు పోయకుండా మంట పెట్టకూడదు, లోహం పాడవుతుంది. అంచు దాకా నింపితే పొంగి మంటను ఆర్పుతుంది. నా చేయి కాలింది మాత్రం వీటివల్ల కాదు, తొందరవల్ల. కెటిల్ పిడి తీగలా పైకి లేస్తుంది, దాన్ని మామూలు బాల్చీలా పైనుంచి పట్టి ఎత్తాను. పొగగొట్టంలోంచి జానెడు మంట వస్తోందన్న సంగతి మరిచిపోయాను. మణికట్టు మీద వెంట్రుకలు పోయి, రెండు వారాలు వాచీ పెట్టుకోలేకపోయాను. పిడిని అడ్డంగా ఉంచి రెండు చేతులతో రెండు పక్కలా పట్టి, మూకుడు మీద నుంచి పక్కకు దించాలి. వంచేటప్పుడు బిరడాకు ఉన్న గొలుసు పట్టుకొని అడుగును పైకి లేపాలి.

మీరు నడవాలనుకుంటున్న బ్యాంగర్ ట్రెయిల్ మీద నేను సెప్టెంబరులో ఒక సహోద్యోగితో మూడు రోజులు నడిచాను. న్యూపోర్ట్ నుంచి బ్యాంగర్ ఎరిస్ వరకు సుమారు 40 కిలోమీటర్ల దారి అది. మొదటి సాయంత్రం లెటర్‌కీన్ దగ్గర, అడవిశాఖ కంకర దారి మీద కెటిల్ పెట్టాను. సన్న జల్లు, ఈదురుగాలి. ఆయన గ్యాస్ పొయ్యి మూడుసార్లు ఆరిపోయేసరికి నా నీళ్ళు మరిగి, ఆయనకు కూడా టీ పోశాను. ఆ రాత్రి నాకు కలిగిన గర్వాన్ని మర్నాడు ఆ నేలే అణిచింది. లెటర్‌కీన్ దాటాక ఆ దారి పూర్తిగా బురదనేల, పశ్చిమ ఐరోపాలో చెడిపోకుండా మిగిలిన పెద్ద పీట్ నేలల్లో ఒకటి. కనుచూపు మేర గడ్డి, హెదర్ పొదలు, నీళ్ళు, చెట్టన్నది లేదు. నాకు ముందే తెలుసు కాబట్టి స్ప్రూస్ పుల్లలు ఒక గుడ్డసంచిలో కట్టి వీపుసంచికి బయట తగిలించాను. పైన వానతొడుగు ఉంది కదా అన్న ధీమా. సాయంత్రానికి తొడుగు కింద నుంచి నీరెక్కి పుల్లలు పిండితే కారేలా ఉన్నాయి. కర్పూరం మొత్తం కరిగిపోయింది, పొగ వచ్చింది, నీళ్ళు గోరువెచ్చన కూడా కాలేదు. ఆయన డబ్బాలో మిగిలిన కాస్త గ్యాస్ టీకి చాలింది, నేను చన్నీళ్ళలో నానిన అటుకులు కందిపొడితో తిని పడుకున్నాను. అప్పటినుంచి ఎండు పుల్లల్ని మూతబిగిసే ప్లాస్టిక్ సంచిలో వేసి, కెటిల్ పొగగొట్టం లోపలే దోపి మోస్తున్నాను. ఆ ఖాళీ ఎలాగూ వృథాయే.

పుల్లలు ఉన్నా పీట్ నేల మీద మూకుడు పెట్టడం నాకు ఇష్టం లేదు. పీట్ అంటే సగం కుళ్ళి వేల ఏళ్ళుగా పేరుకున్న మొక్కల పదార్థం. ఇక్కడివారు దాన్నే ఎండబెట్టి చలిమంటకు వాడతారు. ఎండు రోజుల్లో అంటుకుంటే పైకి కనిపించకుండా లోపల రోజుల తరబడి రగులుతుంది. అందుకే నది ఒడ్డు గులకరాళ్ళ మీదో, బండ మీదో తప్ప పెట్టవద్దు, బూడిదను నీళ్ళతో చల్లార్చి చేత్తో తడిమి చూడండి. ఎండు వాతావరణంలో ప్రభుత్వం ఆరెంజ్, రెడ్ స్థాయి అగ్ని హెచ్చరికలు జారీచేస్తుంది, ఆ రోజుల్లో కెటిల్ సంచిలోంచి తీయనే తీయకండి. వైల్డ్ నెఫిన్ జాతీయ వనం మీ దారిలో ఉంది కాబట్టి నిప్పు గురించి అక్కడి సిబ్బందిని బయలుదేరే ముందే అడగండి.

ఇంకొక మాట, దీనిలో నీళ్ళు తప్ప మరేమీ కాచకూడదు. రెండు గోడల మధ్యకు చేయి దూరదు, పాలు అడుగంటితే ఆ వాసన జన్మలో పోదు. అల్లం టీ మరిగించుకొనే భాగ్యం లేదు. పాలపొడి, టీ సంచులే గతి. వేడినీళ్ళు పోసి మూత పెడితే అయ్యే తిండి తెచ్చుకోండి, అటుకులు, తక్షణ ఉప్మా పొడి, ఎండబెట్టిన పప్పు. వాగునీళ్ళు తాగడానికి మాత్రం కెటిల్ చాలా నమ్మకమైనది. ఇక్కడి కొండలన్నీ గొర్రెలు మేసేవే కాబట్టి వాగు ఎంత తేటగా కనిపించినా నేను కాచకుండా తాగను. నీళ్ళు కుతకుతలాడాక ఒక నిమిషం ఉంచితే చాలు.

కాబట్టి బ్యాంగర్ ట్రెయిల్‌కు గ్యాస్ పొయ్యితో రండి. బర్నరు మీ ఊరినుంచి తెచ్చుకొని డబ్బాను గాల్వేలో కొనండి, మర వేసి బిగించే రకమో కాదో మీ బర్నరును చూసి సరిచూసుకోండి. అదే మీరు దారి మార్చి అడవి తోటల్లోంచి పోయే వెస్టర్న్ వే అనే మరో నడకదారి భాగాలు నడుస్తామంటే, కొనక్కర్లేదు, నా అల్యూమినియం కెటిల్ అరువిస్తాను. దాని అడుగున మసి అరంగుళం మందాన ఉంది, తోమవద్దు, నల్లగా ఉంటేనే వేడి బాగా పడుతుందని నా నమ్మకం. తిరుగు ప్రయాణంలో ఎవరి బట్టల సంచిలోనూ పెట్టకండి.