శీలావతి మేత వదిలేస్తోంది... నానో కణాలేనా?

ప్రశ్న: నానో ప్లాస్టిక్ కణాల వల్ల చేపలు మేత సరిగా తినవని విన్నాను. మా చెరువులో శీలావతి మేత వదిలేస్తోంది. కారణం అదేనా?
– ఆక్వా రైతు, కైకలూరు

జవాబు: విన్నది నిజమే. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగంలో పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన, కంటికి కనిపించనంత చిన్న నానో కణాలను నేరుగా చేపలకు పెట్టలేదు. కణాలు కలిసిన నాచును డాఫ్నియా అనే నీటిపురుగులు తిన్నాయి, వాటిని క్రూషియన్ కార్ప్ చేపలు తిన్నాయి. వేసిన ఆహారంలో 95 శాతం ముగించడానికి ఆ చేపలకు మామూలు చేపలకన్నా రెట్టింపుకు మించి సమయం పట్టింది. కొవ్వు జీవక్రియా మారింది. 2017 నాటి ప్రయోగంలో ఇలాంటి కణాలు చేప మెదడులోనూ కనిపించాయి.

అయితే ఇవి ల్యాబ్ సంగతులు. మీ చెరువులో ముందు అనుమానించాల్సింది ఆక్సిజన్‌ని. తెల్లారకముందే కొలవండి. లీటరుకు 4 మిల్లీగ్రాముల లోపుంటే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు వేసి, ఆ పూట మేత తగ్గించండి. తర్వాత నీటిలో అమ్మోనియా ఎంతుందో చూడండి. చెరువులో కట్టిన మేత సంచులను, మేత వేసిన రెండు మూడు గంటల తర్వాత పైకి లాగండి. అడుగున తవుడు ముద్దకట్టి పులిసిన వాసన వస్తే నిన్నటిది మిగిలిపోయినట్టే. పాత మేత దులిపేసి, సంచి ఉతికి ఆరబెట్టాకే మళ్లీ కట్టండి.

ఎవరో చెప్పారని నానో సిల్వర్ (వెండి నానో కణాల) మందులు మాత్రం పోయకండి. అమ్మోనియాను తక్కువ హాని చేసే రూపంలోకి మార్చే మేలు బ్యాక్టీరియా కూడా వాటితో దెబ్బతింటుంది.