విఫలమైంది ట్రయలా, మందా?

సందేహం: కోవిడ్ రోజుల్లో ఐవర్‌మెక్టిన్ అనే పరాన్నజీవుల మందు గురించి ఒకచోట “ట్రయల్ విఫలం” అనీ, ఇంకోచోట “ట్రయల్‌లో ఫలితం లేదు” అనీ చదివాను. రెండూ ఒకటేనా? ఇలాంటి మందులను పరాన్నజీవి నిరోధకాలు అనాలా, సంహారకాలు అనాలా?

సమాధానం: రెండు వాక్యాలూ చెప్పదలచుకున్నది ఒకటే, రెండూ తడబడ్డాయి. చిక్కంతా “ఫలితం” దగ్గరుంది. “పరీక్ష ఫలితాలు వచ్చాయి” అంటే విషయం తేలిందని. “ఎంత చెప్పినా ఫలితం లేదు” అంటే ప్రయోజనం లేదని. మామూలు మాటల్లో ఏ అర్థమో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ట్రయల్ దగ్గరకొచ్చేసరికి రెండర్థాలూ ఒకే వాక్యంలో దూరతాయి. ఒకరికి మందు పనిచేయలేదని తోస్తుంది, మరొకరికి ట్రయల్ మధ్యలోనే ఆగిపోయిందని తోస్తుంది.

జరిగింది చూడండి. బ్రెజిల్‌లో టుగెదర్ అనే ట్రయల్‌లో భాగంగా 1,358 మంది కోవిడ్ రోగుల్లో 679 మందికి మూడు రోజుల పాటు ఐవర్‌మెక్టిన్, మిగతా 679 మందికి మందు లేని డమ్మీ మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టే నిర్ణయించారు. 28 రోజుల్లో ఆస్పత్రిలో చేరినవాళ్లు, కోవిడ్ ముదిరి ఎమర్జెన్సీలో ఆరు గంటలకు మించి ఉండాల్సి వచ్చినవాళ్లు కలిపి మందు వైపు 100 మంది, డమ్మీ వైపు 111 మంది. ఆపాటి తేడా కాకతాళీయంగానూ రావచ్చు. 2022లో ఇది అచ్చయింది. ట్రయల్ తన పని చక్కగా చేసింది, విఫలమైంది మందు. చాలినంత మంది చేరకపోతేనో, లెక్కలు తారుమారైతేనో ట్రయల్ విఫలమైందనాలి.

నేనైతే ఫలితాన్ని ట్రయల్‌కు వదిలేసి, మందుకు “గుణం” వాడతాను: “ట్రయల్ ఫలితం వచ్చింది, మందుతో గుణం కనిపించలేదు.” ఇది కొత్తగా పుట్టించిన పదమేమీ కాదు. “పది రోజులు వాడినా గుణం కనబడలేదండీ” అని డాక్టరుతో చెప్పుకునేదే. వార్తల భాష ఎందుకో దీన్ని దూరం పెట్టింది. “మందు గుణాలు” అంటే లక్షణాలు అని కదా అనవచ్చు. ఏకవచనంలో, కనబడటంతో కలిపి వాడితే ఆ తికమక రాదు.

“నయం” దగ్గర కూడా ఇలాంటి మెలికే ఉంది. కడుపునొప్పి పోతే రోగి నయమైందంటాడు. పేగుపురుగుల మందుల ట్రయళ్లలో అలా కాదు. గ్రాములో ఇరవై నాలుగో వంతు మలాన్ని గాజుపలకపై పరిచి, మైక్రోస్కోపులో పురుగు గుడ్లు లెక్కపెట్టి, ఆ సంఖ్యను 24తో గుణిస్తారు. మందు తర్వాత ఒక్క గుడ్డూ కనబడకపోతేనే “నయమైన” లెక్క. గుడ్లు ఏ మేరకు తగ్గాయన్నది వేరే లెక్క. ఒక్క మోతాదు ఆల్బెండజోల్‌తో ఏలికపాములు చాలామందిలో పూర్తిగా పోతాయి. కొరడా పురుగుల విషయంలో గుడ్లు తగ్గినా నయమైన వాళ్లు తక్కువే. ఇక్కడ “సగం మందికి నయం” అన్నా, “గుడ్లు సగం తగ్గాయి” అన్నా ఒకటే అనుకుంటే వార్తే మారిపోతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. నిరోధకం అంటే రానీయకుండా అడ్డుకునేది. ఒంట్లో చేరిన పురుగుకు ఇచ్చే మందుకు ఆ పేరు అంతగా నప్పదు. సంహారకం మరీ ఎక్కువ చెబుతుంది. నది అంధత్వంలో (చూపు పోగొట్టగల ఒక పురుగు జబ్బు) ఐవర్‌మెక్టిన్ చర్మంలోని సూక్ష్మ పిల్లపురుగులను చంపుతుంది గానీ తల్లిపురుగును చంపదు, కొంతకాలం దాని సంతానాన్ని ఆపుతుందంతే. అందుకే ఏటా ఒకటి రెండుసార్లు, ఏళ్ల తరబడి ఇస్తూ ఉంటారు. “పరాన్నజీవులపై పనిచేసే మందు” అంటే సరిపోతుంది. వార్త శీర్షికలో చోటు చాలకపోతే “పురుగుల మందు” అని మాత్రం కుదించకండి, అది పొలంలో కొట్టేది.