చుట్టాల ముందు మన తీరు మారడం నటనేనా?

మోసమనే అర్థంలో నటన కాదు. ఎదుటివాళ్లకు మనపై కలిగే అభిప్రాయాన్ని మాటతో, కట్టుతో, ఇంటి సర్దుడుతో కొంత మనమే నడుపుకోవడం. మన లోపల ఏముందో ఎవరూ చూడలేరు, పైకి కనిపించేదాన్ని బట్టే అంచనా వేస్తారు. నోటిమాట కన్నా చూపు, తడబాటు, గొంతులో మార్పునే ఎక్కువ నమ్ముతారు, వాటిని అదుపు చేయడం కష్టం కాబట్టి. సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1950ల్లో దీన్ని నాటకంతో పోల్చి, చూసేవాళ్లకు కనబడే వేదిక, వాళ్లకు కనబడని తెర వెనుక అని విడదీశాడు.

కోనసీమలో సంక్రాంతికి కొత్తల్లుడు వచ్చాడనుకోండి. సావిట్లో మామగారు 'ఇంకో రెండు పూతరేకులు వేసుకోండి అల్లుడుగారూ' అంటుంటే, వంటింట్లో అత్తగారు ఎన్ని మిగిలాయో గుసగుసగా లెక్కపెడుతుంటారు. ఆ గుసగుస సావిట్లోకి వినబడిందో, మర్యాద అక్కడే చెడుతుంది. అప్పుడు అల్లుడు విననట్టే ఉండి 'చాలండి మావయ్యగారూ' అంటాడు. పరువు నిలిపే పనిలో సగం చూసేవాళ్లదే. చాలామంది గమనించనిది ఇదే.

గొప్పలు చూపుకోవడమే దీని పని అనుకోవడం పొరపాటు. కొబ్బరి బాగా కాసిన రైతు, చేబదులుకొచ్చిన మనిషితో 'ఈ ఏడు దిగుబడి లేదండి' అని తగ్గించుకోవడమూ ఇందులో భాగమే. అది మాత్రం అబద్ధమే అనుకోండి.